దొర్నిపాడు కేకు, దారిలో వేడెక్కిన కారు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీదుగా దొర్నిపాడుకు పోయిరావడం కూడా ఒక యాత్రేనా అని మా ఆయన నవ్వారు. నవ్వరా మరి, నింపాదిగా పోయినా రెండు గంటల దారి కాదది. కానీ వెనక సీట్లో మూడంతస్తుల పెళ్లి కేకు, కళ్ల ముందు ఎప్పుడు ఎర్రగీత ఎక్కుతుందో తెలియని టెంపరేచర్ సూది పెట్టుకుని ఫిబ్రవరి ఎండలో బయలుదేరినవాళ్లకు అది యాత్రే. పాత కారు వేసుకుని ఆ వైపు పోయేవాళ్లకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నా పేరు ఎస్తేరు. నంద్యాలలో మా ఇంటి వంటింట్లోనే కేకులు చేస్తాను. ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాసాలు, లెంటు దినాలు మొదలైతే మా వాళ్లలో పెళ్లిళ్లు చేయరు. అందుకని జనవరి, ఫిబ్రవరి నెలల్లో పెళ్లిళ్లన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. రుద్రవరం, దొర్నిపాడు, వాటి చుట్టుపక్కల పల్లెలు, ఇవే నా సగం ఆర్డర్లు. నేను పుట్టింది కూడా ఆ వైపు పల్లెలోనే. ఆ ఊళ్లకు కేకులు మోయడానికే ఈ పాత కారు కొన్నాం, డ్రైవింగు కూడా అందుకే నేర్చుకున్నాను.

ఈ కారుకొక విచిత్రమైన జబ్బు పట్టుకుంది. నంద్యాలలో ఎంత తిప్పినా చల్లగా ఉంటుంది. ఆళ్లగడ్డ దారి పట్టిందంటే చాలు, వేడెక్కుతుంది. జనవరిలో రుద్రవరం పెళ్లికి పోతుంటే సూది పైకి లేచింది. ఏసీ ఆపేశాను. పోయేసరికి క్రీము జారి, పెళ్లికొడుకు పేరు పెళ్లికూతురి పేరులోకి కారిపోయింది. పాస్టరు గారు "ఇంకేముంది, ఇద్దరూ ఏకమైపోయినారు" అని అందరినీ నవ్వించి నా పరువు కాపాడారు. ఆ రాత్రి ఇంటికొచ్చి నేను ఏడ్చాను.

"ఇంకొక్కసారి చూద్దాం ఎస్తేరూ. ఈసారి కూడా ఇట్లే అయితే కారు అమ్మేద్దాం. ఊర్లో ఆర్డర్లు చేసుకుంటే చాలదా?" అన్నారు మా ఆయన. ఆయన బడిపంతులు, ఏ మాటైనా మెత్తగానే చెప్తారు. మెత్తగా చెప్పారు కాబట్టే కాదనలేకపోయాను.

ఆ ఇంకొక్కసారి వచ్చింది దొర్నిపాడు దగ్గరి పల్లె నుంచి. పెళ్లికూతురు రూతు, నర్సు పని చేస్తుంది. వాళ్లమ్మ ఫోన్ చేసి, "రుద్రవరంలో ఏమైందో మాకూ తెలిసిందిలేమ్మా. అయినా మా పిల్ల నీ చేతి కేకే కావాలంటాంది" అంది. తిట్టినా ఇంత బరువుగా ఉండేది కాదు.

మా మెకానిక్ మస్తాన్ దగ్గరికి వారం ముందే పోయాను. థర్మోస్టాట్ కొత్తది వేశాడు, రేడియేటర్ మూత మార్చాడు, కూలెంట్ నింపాడు, ముందు జాలీలోంచి నీళ్లు జోరుగా కొట్టి కడిగాడు. అతను చేసే ప్రతి పనీ పక్కన నిలబడి అడిగి తెలుసుకున్నాను. తెలియని పని కనపడితే నాకు చేతులు ఊరుకోవు. థర్మోస్టాట్ అంటే ఒక చిన్న తలుపు. ఇంజిన్ వేడెక్కేదాకా మూసుకుని ఉండి, ఆ తర్వాత తెరుచుకుని నీళ్లను రేడియేటర్‌లోకి వదులుతుంది. అక్కడ గాలి తగిలి నీళ్లు చల్లబడి మళ్లీ ఇంజిన్‌లోకి పోతాయి.

"ఇంగేం కాదక్కా. ఒకవేళ సూది లేస్తే ఏసీ ఆపు. ఇంకా లేస్తే హీటర్ ఫుల్లు పెట్టు" అన్నాడు మస్తాన్.

"వేడెక్కితే హీటరేంది మస్తాన్?"

"ఇంజిన్‌లో కాగే నీళ్లే ఆ హీటర్‌లోకి వచ్చేదక్కా. ఇంజిన్ వేడి నీ మొగాన కొడతాది, ఇంజిన్ బతుకుతాది."

నాకు భలే నచ్చింది ఆ సంగతి. నేను బతికినా చచ్చినా పరవాలేదు గానీ, వెనకుండే కేకు మాటేమిటని అప్పుడు అడగాలని తోచలేదు.

పెళ్లి సాయంత్రం నాలుగింటికి. మూడింటికల్లా కేకు బల్ల మీద ఉండాలి. పదకొండు కొట్టేలోపు బయలుదేరాను. మూడంతస్తులూ విడివిడిగా డబ్బాల్లో పెట్టి, ఆ డబ్బాలను ఐసు ప్యాకెట్లతో పాటు పెద్ద థర్మాకోల్ పెట్టెలో సర్ది, పెట్టెను వెనక సీటుకు తాడుతో బిగించాను. పక్కన పనిముట్ల సంచి, బటర్ పేపరు చుట్ట, కేకు కోసేదాకా దాని మీద కప్పే తెల్ల నెట్టు బట్ట, దారిలో తినడానికి చిత్రాన్నం. డిక్కీలో రెండు పెద్ద క్యాన్ల నీళ్లు. ఏసీ పెట్టి, చిన్న ప్రార్థన చేసుకుని బండి తీశాను.

నూనెపల్లె దాటి హైవే ఎక్కేదాకా సూది మధ్య గీత దగ్గర బుద్ధిగా కూర్చుంది. ఎడమ పక్క దూరంగా నల్లమల, రోడ్డుకు రెండు వైపులా కోసిన వరి మళ్లు, ఇంకా కొయ్యని మిరప చేలు. దారి చాలా బాగుంటుంది, లారీల వెనక పడకుండా పోతే ఏ ఇబ్బందీ లేదు. నేను మాత్రం దారి కంటే సూదినే ఎక్కువ చూశాను.

శిరివెళ్ల మెట్ట దగ్గర ఒకాయన రోడ్డు పక్కన చెయ్యెత్తి నిలబడ్డాడు. చంకలో ఖాళీ గోతాల కట్ట. దగ్గరికి పోయాక గుర్తుపట్టాను, ఆళ్లగడ్డలో ధాన్యం వ్యాపారం చేసే ఆంజనేయులు శెట్టి గారు. మనవడి పుట్టినరోజుకు ప్రతి ఏడూ నా దగ్గరే కేకు తీసుకుంటారు.

"ఆళ్లగడ్డకేనామ్మా? నన్నూ ఎక్కించుకో. కొర్రలు చూసేదానికొచ్చినా. బస్సు వస్తాది వస్తాదని నిలబడి కాళ్లు పీకుతాండాయి" అన్నాడు.

ఎక్కించుకున్నాను. ఎక్కీ ఎక్కగానే వెనక్కి తిరిగి పెట్టె చూసి, "ఏందమ్మా, శవపేటిక మాదిరి కట్టినావు?" అన్నాడు. పెళ్లికి పోతూ వినాల్సిన మాట కాదు. అయినా నవ్వొచ్చింది.

ఆ నవ్వు ఇంకా పోకముందే సూది కదిలింది. మధ్య గీత దాటి నిదానంగా పైకి పోతోంది. ఏసీ ఆపాను. కిటికీ అద్దాలు దించాను. వేగం తగ్గించాను. సూది ఆగింది గానీ దిగలేదు, కాసేపటికి మళ్లీ ఎక్కసాగింది. వేప చెట్టు నీడ చూసుకుని పక్కకు తీసి ఇంజిన్ ఆపాను.

"నీళ్లు లేవేమో, మూత తీసి పొయ్యరాదూ?" అన్నాడు శెట్టి గారు.

"ఇప్పుడు తీస్తే మొహం కాలిపోతుంది శెట్టిగారూ. లోపల నీళ్లు మరుగుతుంటాయి" అని ఆపాను. ఇది చదివేవాళ్లు కూడా గుర్తుపెట్టుకోండి. వేడి మీద రేడియేటర్ మూత ముట్టకూడదు. పక్కనుండే తెల్ల డబ్బాలో మట్టం చూస్తే చాలు. చూశాను, నీళ్లు నిండుగా ఉన్నాయి. చుక్క కూడా కారడం లేదు. మరెందుకీ వేడి?

భయం ఒక పక్క, ఎందుకో తెలుసుకోవాలనే దురద ఒక పక్క. రెండో దానికే బలం ఎక్కువని ఆ రోజు తెలిసింది. కానీ ముందు కేకు సంగతి చూడాలి. ఆళ్లగడ్డ ఇంకా చాలా దూరముంది. చెట్టు కింద కూర్చుంటే ఐసు కరిగిపోతుంది. హీటరు పెట్టుకుని పోతే ఇంజిన్ నిలుస్తుంది, క్రీము నిలవదు. హీటరు లేకుండా పోతే ఇంజినే పోతుంది.

శెట్టి గారికి ఇదంతా చెప్పాను. ఆయన పెట్టె మీద అరచెయ్యి పెట్టి చూసి, చంకలో గోతాలు చూసుకుని, "నీళ్లుండాయా?" అన్నాడు. ఇంజిన్ కోసం తెచ్చిన నీళ్లు ఇంజిన్‌కు అక్కర్లేదు కదా. క్యాన్లు రెండూ దించాను. గోతాలు తడిపి పెట్టె మీద రెండు మడతలుగా కప్పాం. "మా ఇంట్లో మజ్జిగ కుండకు ఇట్లే చుడతాం. గాలి తగిలే కొద్దీ చల్లబడతాది" అన్నాడు.

కాసేపు ఆగి బయలుదేరాం. అద్దాలన్నీ దించి, హీటరు గాలి కాళ్ల వైపు తిప్పి పూర్తిగా పెట్టాను. ఫిబ్రవరి మిట్టమధ్యాహ్నం కారులో హీటరు పెట్టుకుని పోయిన మనుషులు జిల్లాలో మేమిద్దరమే అయుంటాం. శెట్టి గారు చెప్పులు విడిచి కాళ్లు రెండూ సీటు మీదికి లాక్కున్నాడు.

"సంగటి కుండలో కాళ్లు పెట్టినట్లుందమ్మా. బస్సుకే పోయింటే బాగుండు" అన్నాడు. కానీ మధ్యమధ్యలో వెనక్కి వంగి గోతాల మీద నీళ్లు చల్లుతూనే ఉన్నాడు. చిత్రంగా సూది దిగింది. పూర్తిగా కాదు, ఎర్రగీతకు వేలెడు కింద నిలిచింది. చెమటకు చీర వీపుకు అతుక్కుపోయింది. నేను మాత్రం ఆ వేడిగాలి గురించే ఆలోచిస్తున్నాను. అందులో ఏదో సంగతి ఉందని మనసుకు తోస్తోంది, అదేమిటో అందడం లేదు.

ఒంటిగంట కావస్తుండగా హైవే దిగి ఆళ్లగడ్డ ఊర్లోకి మళ్లాం. ఆళ్లగడ్డ శిల్పుల సంగతి కొత్తవాళ్లకు చెప్పాలి. రోడ్డు పక్కన రేకుల షెడ్లు, వాటి ముందు సగం చెక్కిన నందులు, మొహం లేని దేవతలు, ఏనుగులు. దుమ్ము తెల్లగా కమ్మేసి ఉంటుంది, రాయి కోసే మిషన్ల మోత చెవులు హోరెత్తిస్తుంది. చూడాల్సిన చోటు. నాకు చూసే తీరిక లేదు, సరిగ్గా అక్కడే సూది ఎర్రగీతకు తగిలింది. మొదటి షెడ్డు నీడలోనే బండి ఆపేశాను.

షెడ్డు యజమాని బ్రహ్మయ్య, శెట్టి గారికి బాగా తెలిసినవాడు. సంగతి విని, "కేకు ముందు లోపలికి తేండి" అన్నాడు. దుమ్ము లేవకుండా నీళ్లు చల్లిన వెనక గదిలో నున్నగా చెక్కిన రాతి పీఠమొకటి ఉంది. ముట్టుకుంటే చల్లగా తగిలింది. పెట్టె తెచ్చి దాని మీద పెట్టాం.

"ఈ పీఠం అమ్మవారికి చేసినాం. ఎల్లుండి గానీ పోదు. ఈ పొద్దుకు మీ కేకునే కూర్చోబెట్టు" అన్నాడు బ్రహ్మయ్య.

మూత కొంచెం తీసి చూశాను. క్రీము నిలిచే ఉంది. అంచు దగ్గర ఒక గులాబీ మాత్రం వాలింది. ఊపిరి పీల్చుకుని మస్తాన్‌కు ఫోన్ చేశాను.

"వాటర్ పంపు పోయింటాదక్కా. బండిని ఆడనే పెట్టు. లారీ మీద ఎక్కిస్తే పంపు విప్పి చూస్తా" అన్నాడు.

లారీ ఎక్కితే ఇంక ఈ కారు మా ఇంటికి రాదు, నేరుగా అమ్మకానికే పోతుంది. అప్పుడు తట్టింది, దారి పొడవునా నన్ను గిల్లుతున్న సంగతి.

"మస్తాన్, పంపు పోతే హీటర్‌లోకి వేడినీళ్లు ఎట్లా వస్తాయి? కాళ్లు కాలిపోయేంత వేడిగాలి వచ్చిందే!"

"అవునక్కా. పంపు తిరక్కుంటే అంత వేడి రాదు."

"థర్మోస్టాట్ కొత్తది. రేడియేటర్‌కు పోయే పైపు, వచ్చే పైపు రెండూ ముట్టుకుని చూశాను, కాలుతున్నాయి. అంటే నీళ్లు తిరుగుతున్నాయి."

"తిరుగుతాండాయి, మరి చల్లబడల్లేదు. ఫ్యాన్ చూడక్కా."

ఇంజిన్ వేసి చూశాను. ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ముందు జాలీ అద్దంలా శుభ్రంగా ఉంది, మస్తాన్ కడిగిందే కదా. నీళ్లున్నాయి, పంపుంది, ఫ్యానుంది. ఇంక మిగిలింది గాలి ఒక్కటే. ఫ్యాను తిరిగితే ముందు నుంచి గాలిని లాగాలి. లాగుతోందా లేదా?

నా దగ్గర బటర్ పేపరు ఉంది. ఓవెన్‌లో గాలి ఎటు తిరుగుతుందో చూడటానికి ఇంట్లో ఈ పని చేస్తుంటాను. అరచేతంత ముక్క చింపి కారు ముందు జాలీకి ఆనించి వదిలాను. గాలి లాగుతుంటే కాగితం జాలీకి కరుచుకుని నిలబడాలి. అది తొణకకుండా జారి నా కాళ్ల దగ్గర పడింది. మళ్లీ పెట్టాను, మళ్లీ పడింది. నాకు నవ్వాగలేదు. రోడ్డు పక్కన ఒకతి కారుకు కాగితాలంటించి నవ్వుతుంటే శిల్పులు ఉలులు ఆపి చూశారు.

"గాలి పోయే దారి మూసుకుపోయింది శెట్టిగారూ! పైకి కనపడకుండా లోపలెక్కడో మూసుకుపోయింది" అన్నాను.

జాలీ వెనక మొదట ఉండేది ఏసీ రేడియేటర్, దాని వెనక బెత్తెడు సందు విడిచి ఇంజిన్ రేడియేటర్. పై పలకను పట్టుకునే బోల్టులు బ్రహ్మయ్య స్పానరుతో విప్పాడు. ఇంజిన్ ఆపి, ఫ్యాను నిలిచేదాకా ఉండి, ఫోన్ లైటు వేసి సందులోకి తొంగిచూశాను. సందు లేదు. పరుపులో దూది కూరినట్టు, పై నుంచి కింది దాకా గోధుమరంగు ముద్ద. మస్తాన్ ముందు నుంచి కొట్టిన నీళ్లకు అది తడిసి, ఎండి, ఇంకా గట్టిపడింది.

వేలితో కొంచెం పెళ్లగించి తీశాను. శెట్టి గారు దాన్ని అరచేతిలో వేసుకుని నలిపాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"ఇది ఉలవ పొట్టు కదా!" ఇంకొంచెం లోతు నుంచి తీయమన్నాడు. "దీని కింద ఇదిగో, సన్నగా మెరుస్తాంది చూడు, కొర్ర ఊక. ఈడ మినుము కూడా ఉండాది." నా వైపు తిరిగాడు. "ఏమ్మా ఎస్తేరమ్మా, నువ్వు కేకులమ్ముతాండావా, కళ్లం తొక్కిస్తాండావా?"

అప్పుడు వెలిగింది నాకు. కొర్ర అంటే రుద్రవరం పెళ్లికి ముందు వారం. మినుము అంటే క్రిస్మస్ అయ్యాక దొర్నిపాడు వైపు పోయింది. ఉలవ అంటే ఆ రుద్రవరం పెళ్లి నుంచి తిరిగొచ్చేటప్పుడు. ఒక్కో పొరా నేను పోయొచ్చిన ఒక్కో ఆర్డరు.

ఈ వైపు పల్లె రోడ్లు ఎరుగనివాళ్లకు చెప్పాలి. పంట కోసి ఎండబెట్టిన కట్టెను, అంటే గింజ రాలని మొక్కలను, తారు రోడ్డు మీద పరుస్తారు. పోయే బస్సులు, ట్రాక్టర్లు, ఆటోలు తొక్కితే గింజ రాలుతుంది. చిన్నప్పుడు మా ఇంట్లోనూ అదే పని. రోజుకు రెండు బస్సులొచ్చే రోడ్డు మాది. మా అమ్మ పొరక పట్టుకుని ఎండలో కూర్చుని బస్సు కోసం ఎదురుచూసేది. అందుకే నేను కారులో పోతున్నప్పుడు ఎవరైనా "అక్కా, ఒక్కసారి ఎనక్కి తీసి మళ్లా తొక్కిచ్చి పో" అంటే కాదనలేను. వెనక్కి తీస్తాను, ముందుకు పోతాను, ఇంకోసారి వెనక్కి తీస్తాను. లేచిన పొట్టంతా ఫ్యాను లోపలికి లాక్కుంటూ వచ్చింది. నంద్యాలలో తిరిగే చిన్న దూరాలకు ఆ మిగిలిన గాలి సరిపోయింది. హైవే మీద ఏసీ పెట్టుకుని పోతే సరిపోలేదు. మా ఊరి వైపు పోతేనే కారుకు జబ్బెందుకు వస్తుందో ఇన్నాళ్లకు అంతు దొరికింది. బాధపడాల్సింది పోయి సంతోషంతో గంతులు వేయాలనిపించింది.

రాతి దుమ్ము ఊదడానికి శిల్పుల దగ్గర కంప్రెషర్ ఉంటుంది. దాని గొట్టం తెచ్చి బ్రహ్మయ్య ఇంజిన్ వైపు నుంచి ముందుకు, మూరెడు దూరంలో పట్టుకుని ఊదాడు. దగ్గర పెడితే సన్న రేకులు మడుచుకుంటాయట. మొదట ఏమీ రాలేదు. తర్వాత ఒక్కసారిగా పొట్టు మేఘంగా లేచింది. శెట్టి గారి తల, నా చీర, పక్కనున్న నంది మూపురం అన్నీ ఉలవ పొట్టే. ఒక నందికి మేత దొరికిందని ఎవరో అరిచారు. సందులో మిగిలిన ముద్దను పొడవాటి బ్రష్షుతో గీరాం, మళ్లీ ఊదాం.

అన్నీ బిగించి, ఇంజిన్ వేసి, బటర్ పేపరు పెట్టాను. చప్పున కరుచుకుంది. చెయ్యి తీసేశాను, పడలేదు. పరీక్షలో పాసైన పిల్లలా శెట్టి గారి చెయ్యి పట్టుకుని ఊపేశాను.

షెడ్డులో కూర్చుని ముగ్గురం చిత్రాన్నం తిన్నాం. దారిలో పిల్లలెవరైనా కనపడితే ఇద్దామని తెచ్చిన చిన్న కేకులు శిల్పులకు ఇచ్చాను. "గోతాలు సాయంత్రం అంగట్లో ఇచ్చిపో. అయితే ఇంగ హీటరు పెట్టొద్దు తల్లీ" అని శెట్టి గారు ఆటో ఎక్కారు. వాలిన గులాబీని సరిచేసి, పెట్టెను పీఠం మీద నుంచి దించి, దొర్నిపాడు రోడ్డు పట్టేసరికి రెండున్నర కావస్తోంది. ఏసీ పెట్టాను. సూది మధ్యలో కూర్చుని మళ్లీ లేవలేదు. పాట కూడా పాడుకున్నాను.

పల్లె ఇంకా కొంచెం దూరం ఉందనగా రోడ్డు నిండా ఉలవ కట్టె పరిచి ఉంది. పక్కన తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక అవ్వ, చేతిలో పొరక. నన్ను చూసి లేచి నిలబడింది.

"ఓ తల్లీ! పొద్దన్నుంచి రెండు బండ్లే వచ్చినాయి. ఒక్కసారి ఎనక్కి తీసి తొక్కిచ్చి పోమ్మా."

బ్రేకు వేశాను. వెనక కేకు, కాసేపట్లో పెళ్లి, ఇప్పుడే శుభ్రం చేసిన రేడియేటర్. "ఇప్పుడు కాదవ్వా, పెళ్లికి కేకు ఇవ్వాల. వచ్చేటప్పుడు తొక్కిస్తా" అన్నాను.

"అందరూ అట్లే అంటారులే" అని అవ్వ మళ్లీ కూర్చుంది. కోపంగా కూడా అనలేదు. రోడ్డంచున మట్టిలోకి దిగి మెల్లగా దాటుకుని పోయాను. అద్దంలో ఆమె వంగి, ఎగిరిన కట్టెను మళ్లీ రోడ్డు మీదికి ఊడ్చడం కనపడింది. ఆ కాసేపు నా మీద నాకే కోపం వచ్చింది.

మూడింటికి అటూ ఇటూగా చర్చి పక్కన షామియానాలో కేకు నిలబెట్టాను. మూడంతస్తులూ నిటారుగా ఉన్నాయి. పేర్లు రెండూ విడివిడిగా, స్పష్టంగా ఉన్నాయి. రూతు వాళ్లమ్మ వచ్చి నెట్టు బట్ట ఎత్తి చూసింది. నా చెయ్యి పట్టుకుంది. నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి, ఆమె చూడకుండా పక్కకు తిరిగాను. పెళ్లయ్యాక కేకు కోశారు, పాస్టరు గారు ప్రార్థన చేశారు, బిర్యానీ పెట్టారు. నా పక్కన కూర్చున్న ఒకావిడ, "ఈస్టర్ అయినంక మా పిల్లోనిది ఉంది. దొర్నిపాడుకు వస్తావా?" అని అడిగింది.

"వస్తాను" అన్నాను. ఆ మాట అనడానికే పొద్దున బయలుదేరానేమో.

పొద్దు వాలుతుండగా బయలుదేరాను. అవ్వ అక్కడే ఉంది. కట్టె సగం కూడా నలగలేదు. కారు ఆపి దిగాను. కేకు మీద నుంచి తీసిన తెల్ల నెట్టు బట్ట రెండు మడతలు వేసి, కారు ముందు జాలీకి అడ్డంగా, బానెట్ చుట్టూ తాడుతో కట్టాను. గాలి పోతుంది, పొట్టు పోదు. ఎండ తగ్గింది, ఏసీ ఆపాను, నడక వేగంతో తిప్పే పనికి సూది లేవదు.

"ఏందిమ్మా, కారుకు ముసుగేసినావు?" అంది అవ్వ.

"పెళ్లి నుంచి వస్తాంది కదవ్వా" అన్నాను. అవ్వ పళ్లు లేని నోరు తెరిచి నవ్వింది.

ముందుకు పోయాను, వెనక్కి తీశాను, మళ్లీ ముందుకు పోయాను. చక్రాల కింద ఉలవ కాయలు చిటపటమంటుంటే చిన్నప్పుడు విన్న చప్పుడు గుర్తొచ్చింది. మధ్యలో ఒకసారి దిగి, కట్టె ఏదైనా సైలెన్సరుకు చుట్టుకుందేమో వంగి చూసుకున్నాను. ఈ పని చేసేవాళ్లు అది మరచిపోవద్దు, వేడికి అంటుకుంటుంది. చాలనిపించాక అవ్వ పొరక ఎత్తి ఆపమంది. నెట్టు విప్పి దులిపితే రోడ్డు పక్కన పొట్టు కుప్ప పడింది. ఇట్లాంటి పొట్టే క్రిస్మస్ నుంచి నా కారు గొంతులోకి పోతూ వచ్చింది.

అవ్వ రోడ్డు మీది గింజలు దోసిట్లోకి ఎత్తి, ఊది, ఆ నెట్టులోనే పోసి ముడి వేసింది. "చారు కాచుకో" అంది. వద్దంటే వినేలా లేదు.

ఆళ్లగడ్డలో శెట్టి గారి గోతాలు ఇచ్చేసి, టీ తాగి హైవే ఎక్కాను. సూది మధ్యలో ఉంది. శిరివెళ్ల మెట్ట దాటినా మధ్యలోనే ఉంది. మా ఆయన ఫోన్ చేస్తే పక్కకు ఆపి మాట్లాడాను.

"యాడున్నావు? కారు ఎట్లుంది?" అన్నారు భయంభయంగా.

"కారు బాగుంది. అమ్మేది లేదు" అన్నాను. "రేపు ఉలవచారు కాస్తాను. కారు సంపాదించిన ఉలవలు."